గాజుల వీధిలో పట్టపగటి దఫ్

ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన పళ్ళు ఈ చాప మీదే రాలిపోవాలి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. నువ్వు ఆ గిన్నెకు పడ్డ సొట్ట వంక చూడ్డం మాని ఇటు తిరుగు. నిజం చెప్పేటప్పుడు వినేవాళ్ళ మొహం కనబడాలి.

ఓబులేసు అనే పిల్లవాడికి తల పైకి లేవకుండా పోయింది.

జబ్బేమీ కాదు. సిగ్గు. గడ్డం రాసుకుని రాసుకుని చొక్కా గుండీలు అరిగిపోయాయి. ఎవరు పలకరించినా "తప్పయిపోయింది" అనేవాడు. టైమెంతని అడిగినా అదే జవాబు. వీధిలో ఆవులు సైతం జరిగి దారిచ్చేవి, పాపం ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడని.

అంతకుముందు ఆ తల అట్లా ఉండేది కాదు. పైన పోయే గద్దలు జుట్టుకు తగులుకుంటామేమోనని దారి మార్చుకునేవి. అతని పొగరు ఎండబెట్టి మోపులు కట్టి ఉంటే ఊరంతటికీ ఏడాది వంటచెరుకు సరిపోయేది.

ఓబులేసు డాక్టర్ జమీలా బేగం దగ్గర శిష్యరికం చేసేవాడు. పెద్దాసుపత్రి వెనకాల, దుప్పట్లు ఆరేసే దండేల పక్కన, ఆమె లాబు. ఆమె ఎంత తక్కువ మాట్లాడేదంటే, ఆమె వస్తే గోడ మీద బల్లులు కూడా నోరు మూసుకునేవి. ఆ గోడకే ఒక దఫ్ వేలాడుతుండేది. దఫ్ అంటే చేత్తో కొట్టే గుండ్రటి పలక. వాళ్ళ దాదా, అంటే తాత, నాటిది.

కొత్తగా చేరినవాళ్ళు దాని సంగతి అడక్కుండా ఉండరు. ఓబులేసూ అడిగాడు.

"రంజాన్ నెలలో తెల్లారకముందే జనాన్ని లేపడం మా దాదా పని," అందామె. "లేచి ఇంత తినాలి కదా. ఒక్కో ఇంటి ముందు నిలబడి కొట్టేవాడు. లోపల దీపం వెలిగేదాకా కదిలేవాడు కాదు."

"వెలిగినాక మేడం?"

"పక్కింటికి."

ఆమె జన్మలో చెప్పిన పొడుగాటి కథ అదే. ఓబులేసు తలూపాడు, మర్చిపోయాడు.

అతని పరిశోధన ఒక ఎంజైము మీద. మనం ముద్ద మింగామా, చక్కెర రక్తంలోకి వస్తుంది. అప్పుడు ఇన్సులిన్ అనే హార్మోను బయల్దేరి ఒంట్లో గడపగడపకూ పోయి, చక్కెర వచ్చింది, తలుపు తీయండి అని చెబుతుంది. దాని పని అంతే. తర్వాత ఆ ఇన్సులిన్‌ను పట్టుకుని ముక్కలు ముక్కలుగా తుంచేసే ఎంజైము వేరే ఉంటుంది. శాస్త్రంలో దాని పేరు రైలుబండంత పొడుగు. లాబులో అందరూ కత్తెర అనేవాళ్ళు.

ఈ కత్తెర ఎర్ర రక్తకణాల కడుపులో దండిగా ఉంటుంది. ఆ కణాలను పగలగొట్టి కత్తెరను బయటికి తీయడంలో ఓబులేసును మించినవాడు లేడు. బండరాయిని ఇచ్చినా పిండి అందులోంచి కత్తెర తీసిస్తాడని తోటివాళ్ళు అనుకునేవాళ్ళు. అతనూ అదే అనుకునేవాడు, ఇంకొంచెం గట్టిగా.

లాబులో ఒక ఆచారం ఉండేది. ఊళ్ళో జనం దగ్గర తీసిన రక్తాన్ని మంచుపెట్టెలో పెట్టుకుని నడిచి తేవాలి. బండెక్కకూడదు. కుదపకూడదు. "నిద్రపోయే బిడ్డను ఎత్తుకొచ్చినట్టు తీసుకురా" అనేది జమీలా బేగం.

ఓబులేసుకు కొత్త మోటారుసైకిలుంది. ముసలామెకు పాతకాలపు పద్ధతులు, అనుకునేవాడు.

ఆ ఏడు గాజుల వీధి జనానికి భోజనమయ్యాక ఇన్సులిన్ ఎంత వస్తుందో కొలుస్తున్నారు. ఓబులేసు అద్దెగది కూడా ఆ వీధిలోనే, పై చివర. కింది చివర రామలక్ష్మవ్వ ఓళిగల అంగడి. పూర్ణం పెట్టి పలచగా ఒత్తి పెనం మీద కాల్చే ఓళిగలు. ఆమె ఓళిగ ఎంత పలచనో చెబితే నమ్మవు. ఒకసారి గాలికి లేచి పక్క మండలంలో ఒక పెళ్ళి పందిట్లో పడితే, పెళ్ళికొడుకు తాళి కట్టడం ఆపి ముందు దాన్ని తిన్నాడు.

వీధిలో అందరూ వచ్చి రక్తమిచ్చి పోయారు. అవ్వ మాత్రం పెనం వదిలి రానంది. ఓబులేసే అంగడికి పోయాడు.

"తొందరగా కానీ నాయనా, ఇది మాడుతుంది," అంది అవ్వ, ఒక చెయ్యి అతనికిచ్చి ఇంకో చేత్తో ఓళిగ తిప్పుతూ.

ఓబులేసు సూదితో రక్తం లాగి, ఆ సూదిలోంచే గొట్టంలోకి ఒక్క ఊపున చిమ్మాడు. మంచుపెట్టె తేలేదు. ఇంత కొంచెం దూరానికి మంచెందుకని. గొట్టాన్ని మోటారుసైకిలు సంచిలో పడేసి కిక్కు కొట్టాడు. గాజుల వీధి గుంతలు అప్పట్లో పేరుమోసినవి. ఒక్కో గుంతలో దిగిన మనిషి అవతలి గట్టుకు ఎక్కేసరికి గడ్డం పెరిగేది. ఆ గుంతలన్నీ ఎగిరెగిరి దాటి, దోవలో స్నేహితుడు కనిపిస్తే ఎండలో బండి నిలిపి, టీ తాగి, కబుర్లాడి, తీరిగ్గా లాబుకు చేరాడు.

రక్తం తేరుకుంటే పైన గడ్డిరంగు నీరు రావాలి. అవ్వ గొట్టంలో దానిమ్మరంగు నీరు తేలింది.

చూశాడు. అవ్వ బీట్‌రూటు తిని ఉంటుంది, అనుకున్నాడు. చదువుకున్నవాడు కదా.

కొలిచాడు. ఇన్సులిన్ సున్నా.

ఓబులేసు కుర్చీలోంచి లేచిన ఎత్తుకు పైకప్పు పెంకు కదిలింది. ఇట్లాంటి మనిషిని లోకంలో ఎవరూ కనిపెట్టలేదు, తనే కనిపెట్టాడు. జమీలా బేగం అప్పుడు ఊళ్ళో లేదు. చెల్లెలి కూతురి నిఖాకు పోయింది. ఆమె వచ్చేదాకా ఆగడమంటే అతనికి ఊపిరి బిగబట్టినట్టే. నేరుగా అంగడికి పోయాడు. సాయంత్రం, గిరాకీ వేళ. చుట్టూ జనం.

"అవ్వా, నీ ఒంట్లో ఇన్సులిన్ అనేది చుక్క లేదు," అన్నాడు, అందరికీ వినబడేట్టు. "ఎట్లా నిలబడినావో నాకే అర్థం కావడం లేదు. ఏ పొద్దు పడిపోతావో చెప్పలేము."

అవ్వ చేతిలోని ఓళిగ చేతిలోనే ఉండిపోయింది.

"పడిపోతానా?"

"చెప్పలేమవ్వా. జన్మంతా సూదులు పడాల్సొస్తుంది. మా మేడం రానీ, నిన్ను అందరికీ చూపిస్తాం."

అవ్వ చేతిలోని ఓళిగ కింద పెట్టింది. పొయ్యి మీద నీళ్ళు చల్లింది. పెనం తోమి, బోర్లించి, అటక ఎక్కించింది. మంచంలో పడుకుని గోడవైపు తిరిగింది. ఇక తీపి నోట పెట్టకూడదనుకుంది. పూర్ణం రుచి చూడని ఓళిగల మనిషి ఏం చేస్తుంది. పెళ్ళివాళ్ళు అడగడానికొస్తే తల అడ్డంగా ఊపింది. వీధంతా తీపి వాసన లేక చిన్నబోయింది. చీమలు వలస పోయాయి. నేను అబద్ధం ఆడుతున్నానని నీకనిపిస్తే చీమలనే అడుగు.

జమీలా బేగం తిరిగొచ్చింది. ఓబులేసు గుమ్మంలోనే ఎదురై, ఊపిరి తీయకుండా చెప్పుకుపోయాడు. ఆమె చివరిదాకా విని, "గొట్టం," అంది.

తెచ్చిచ్చాడు. ఆమె కిటికీ దగ్గరికి పోయి వెలుగుకు పట్టి చూసింది. దానిమ్మరంగు.

తిట్టలేదు. ముఖం చిట్లించలేదు. కుర్చీలో కూర్చుని చీర కొంగు పక్కకు తీసి మోచేయి పైదాకా రవిక చెయ్యి మడిచింది.

"తియ్యి."

ఓబులేసు ఆమె రక్తం తీశాడు. మొదటి గొట్టంలోకి మెల్లగా నింపమంది. నింపాడు. దాన్ని ఆమే మంచులో పెట్టింది.

"ఇప్పుడు ఇంకోటి. ఆ పొద్దు అవ్వ దగ్గర తీసినట్టే తియ్యి. ఆ పొద్దు తెచ్చినట్టే తీసుకురా. ఏదీ వదిలిపెట్టొద్దు. టీ కూడా తాగు."

అతను అట్లాగే చేశాడు. సూదిలోంచి చిమ్మాడు. సంచిలో పడేశాడు. గాజుల వీధి గుంతలన్నీ దాటాడు. ఎండలో బండి నిలిపి టీ కొట్టు ముందు ఒక్కడే కూర్చున్నాడు. ఒక్కో గుక్కకూ ఏదో తడుతూ వచ్చింది. గ్లాసు సగంలో ఉండగానే సంచి వంక చూశాడు. మిగతా టీ వద్దనిపించింది. అయినా తాగాడు, ఏదీ వదిలిపెట్టొద్దంది కదా.

మర్నాడు రెండు గొట్టాలూ కొలిచాడు. మంచులో పెట్టినదాంట్లో ఇన్సులిన్ నిండుగా ఉంది. రెండోది దానిమ్మరంగు. సున్నా.

జమీలా బేగం రెండు అంకెల వైపూ చూసింది.

"ఒకే చెయ్యి," అంది.

అంతే. ఆ రెండు మాటలకు ఓబులేసు మొహం ఎంత కాలిందంటే, పక్క బల్ల మీద మైనం కరిగింది.

వేరే ఎవరైనా ఆ తప్పు చేసి ఉంటే తెలియక చేశారనుకోవచ్చు. కణాలు పగలగొట్టడమే అతని విద్య. పగిలిన కణంలోంచి కత్తెర బయటపడుతుందని, వెచ్చగా ఉంటే అది కనబడ్డ ఇన్సులిన్‌నంతా తుంచేస్తుందని అతనికి తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. అవ్వ ఇన్సులిన్ అవ్వ ఒంట్లో చక్కగానే ఉంది. అది పోయింది అతని సంచిలో.

 తల వంచి, నేలనే అడిగినట్టు అడిగాడు.

"మేడం, ఒళ్ళు కష్టపడి చేసుకున్నదాన్ని తుంచి పారేసేదానికి ఇట్లాంటి ఎంజైమును దేవుడు ఎందుకు పెట్టినట్టు? ఇది దొంగది మేడం."

జమీలా బేగం రెండు గొట్టాలూ పక్కకు జరిపింది.

"అవ్వ పొయ్యి వెలుగుతోందా?"

"లేదు."

"ముందు అది చూడు."

ఓబులేసు మంచుపెట్టె తీసుకుని గాజుల వీధికి నడిచాడు. దారి పొడుగునా ఇళ్ళన్నీ తననే చూస్తున్నట్టనిపించింది. అంగడి తలుపు దగ్గర చెప్పులు విప్పాడు. ఆ గుమ్మం ముందు ఎవరూ చెప్పులు విప్పరు.

"అవ్వా, నేను చెప్పింది తప్పు. నీ రక్తాన్ని నేనే చెడగొట్టినా. నీకేమీ లేదని నాకనిపిస్తోంది. మళ్ళా ఒక తూరి చెయ్యిస్తే, సరిగ్గా చూసి చెబుతా."

అవ్వ గోడవైపు నుంచి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపింది.

ఈసారి ఆ రక్తాన్ని ఎట్లా తెచ్చాడో వీధంతా చూసింది. ఊరేగింపులో ఉత్సవ విగ్రహం కూడా అంత నెమ్మదిగా పోదు. దోవలో తుమ్మొస్తే పెట్టెను పక్కనున్నామె చేతికిచ్చి, అవతలి వీధికి పోయి తుమ్మి వచ్చాడు.

గడ్డిరంగు నీరు తేలింది. ఇన్సులిన్ నిండుగా ఉంది.

"నాకన్నా నీకే బాగుందవ్వా," అన్నాడు, మళ్ళీ గుమ్మంలో నిలబడి. "తప్పయిపోయింది."

అవ్వ లేచి కూర్చుంది. అతని వంక ఎంతసేపు చూసిందంటే, పంచాయితీలో తప్పుచేసినవాడికి కూడా అంతసేపు నిలబడే శిక్ష ఉండదు.

"నా పెనానికి బూజు పట్టింది కదరా," అంది.

"తప్పయిపోయిందవ్వా."

"ఊఁ. అటక మీదుంది. దించు."

దించాడు. అవ్వ దాన్ని కొంగుతో తుడిచి, నూనె రాసి, పొయ్యి ముట్టించింది. మొదటి ఓళిగ ఆకులో పెట్టి అతనికే ఇచ్చింది.

"తిను. కాలుతుంది, చూసుకో."

ఓబులేసు తిన్నాడు. రుచి తెలియలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఓళిగ పెడితే సిగ్గు రెండింతలైంది.

కథ ఇక్కడ అయిపోవలసింది. నేనైతే ఇక్కడే ఆపి నిద్రపోయేదాన్ని. కానీ ఓబులేసు ఆపలేదు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చి అంగడి ముందు నిలబడ్డాడు. "అవ్వా, తప్పయిపోయింది."

"చెప్పినావు కదరా. నేనూ విన్నాను కదా."

ఆ మర్నాడూ వచ్చాడు. ఆపై మర్నాడూ. గిరాకీ వేళ చూసుకుని మరీ వచ్చేవాడు, నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని. తల వంచి, చేతులు కట్టుకుని, "ఆ పొద్దు నీ ఒంట్లో ఇన్సులిన్ లేదని, ఏ పొద్దు పడిపోతావో తెలియదని చెప్పినందుకు" అని మొదలుపెట్టేవాడు. అప్పుడే వచ్చినవాళ్ళకు మొదటి సగమే చెవిన పడేది. ఎవరికి లేదంట? ఈ అవ్వకా? ఎప్పుడు పడిపోతుందంట? ఆకులోని ఓళిగ వంక ఒకసారి, అవ్వ మొహం వంక ఒకసారి చూసేవాళ్ళు.

ఒకనాడు పెళ్ళివాళ్ళు వచ్చారు. అవ్వ మళ్ళీ పెనం ఎక్కించిందని విని, వాళ్ళ పెళ్ళికి ఓళిగలు చెప్పిపోదామని. మాటలు సగంలో ఉండగా ఓబులేసు వచ్చి తల వంచాడు. విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ వస్తామని పోయారు.

అవ్వ పెనం మీది ఓళిగ మాడింది. ఆమె జన్మలో మాడిన ఓళిగ అదొక్కటే. దాని వాసనకు పక్క ఊళ్ళో కుక్కలు ఏడ్చాయి.

ఓబులేసుకు సంగతి అర్థమై, "దీనికి కూడా తప్పయిపోయిందవ్వా," అన్నాడు.

అవ్వ మర్నాడు పొద్దున్నే లాబుకు పోయింది. ఓబులేసు తలుపు అవతల గొట్టాలు కడుగుతున్నాడు. ఆమె గొంతు విని చేతిలో గొట్టం అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"డాక్టరమ్మా, నీ పిల్లోడు మంచోడే. చెడ్డోడని నేననను. కానీ రోజూ సందేళకు వచ్చి నన్ను మళ్ళా జబ్బుమనిషిని చేసి పోతాడు. కొనేదానికొచ్చినోళ్ళు నా మొహంలో జబ్బు వెతుకుతారు. ఒక తూరి చెప్పినాడు. విన్నా. పొయ్యి వెలిగించినా. ఇంకేం చెయ్యాలో నాకు తెలీదు తల్లీ. ఆయన్ని ఆపు."

"ఊఁ," అంది జమీలా బేగం.

అవ్వ పోయాక ఓబులేసు బయటికొచ్చాడు. మొహాన రక్తం లేదు.

"నేను దీనికి పనికిరాను మేడం. తప్పు చేసేదీ నేనే, దిద్దబోయి చెడగొట్టేదీ నేనే. నోరు తెరిచినా ఆమెకు నష్టమే. ఊరికి పోతా. మా నాయన శనగ చేను చూసుకుంటా."

ఆమె ఉండమనలేదు. పొమ్మనలేదు.

"బస్సెప్పుడు?"

"రేపు మధ్యాన్నం."

"ఊఁ."

మర్నాడు ఓబులేసు గది తలుపు మూసుకుని బట్టలు సంచిలో సర్దుతున్నాడు. పుస్తకాలు కట్ట కట్టాడు. బస్సు దగ్గరికి పోవాలంటే అవ్వ అంగడి దాటాలి. దాటేటప్పుడు చెప్పాలా, చెప్పకుండా పోవాలా? చెబితే మళ్ళీ అదే. చెప్పకపోతే పారిపోయినట్టు. చొక్కా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. అందులోని సిగ్గంతా పిండి ఉంటే పెద్దచెరువు పొంగేది.

అప్పుడు తలుపు అవతల పలక మోగింది.

మొదట నెమ్మదిగా. తర్వాత గట్టిగా. తర్వాత, నా మాట నమ్ము, పిడుగులు పడ్డట్టు. పెంకుల మీద కాకులు లేచిపోయాయి. ఉయ్యాలల్లో పిల్లలు లేచారు. మధ్యాన్నం కునుకు తీస్తున్న వీధంతా గుమ్మాల్లోకొచ్చింది.

ఓబులేసు తలుపు తీశాడు.

నడినెత్తిన ఎండ. తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి, జమీలా బేగం అతని గుమ్మం ముందు నిలబడి దఫ్ కొడుతోంది. పెద్ద పెద్ద డాక్టర్లు లేచి నిలబడి నమస్కారం పెట్టే మనిషి.

"మేడం, ఏమైంది?"

ఆమె కొడుతూనే ఉంది.

"తలుపు తీసినా కదా మేడం. లోపలికి రండి."

కొడుతూనే ఉంది.

"వింటున్నా మేడం. చెప్పండి."

ఆమె మొహంలో కోపం లేదు, నవ్వు లేదు. చెయ్యి మాత్రం ఆగదు. వీధి చివర నుంచి అవ్వ కూడా వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది.

"డాక్టరమ్మకు ఏమన్నా అయ్యిందా?" అన్నారెవరో.

"ఆ పిల్లోడు తప్పయిపోయిందని చెప్పి చెప్పి ఆమెకు కూడా ఎక్కించినట్టున్నాడు," అన్నారు ఇంకెవరో. నలుగురు నవ్వారు.

ఓబులేసు చెవులు మూసుకున్నాడు. మూసుకున్న చెవుల్లోంచి కూడా ఆ చప్పుడు లోపలికి వస్తోంది. చాలు, ఆపండి, నేను లేచే ఉన్నాను, విన్నాను, ఇంకేం చెయ్యమంటారు. ఈ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. ఈ మాటలు అతను నిన్ననే విన్నాడు. వేరే గొంతులో.

తల ఎత్తాడు. ఎన్నాళ్ళకో. అవ్వ మొహం కనబడింది. పొయ్యి సెగకు చెమట పట్టి, అలిసిపోయిన మామూలు మొహం. అందులో అతని మీద కోపం ఎక్కడా లేదు. ఎప్పుడో పోయింది. చూడనిది అతనే, గుండీల వంక చూస్తూ.

ఎప్పుడో విని మర్చిపోయిన దాదా కథ గుర్తొచ్చి లోపలికి పోయాడు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ గదినిండా పరుచుకుని ఉంది. స్విచ్చు వేశాడు.

బల్బు వెలిగింది.

దఫ్ ఆగింది.

అది ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో కంసాలి దుకాణంలో గడియారం నడవడం ఊరవతలికి వినబడింది.

"వెలిగిందా?" అంది జమీలా బేగం.

"వెలిగింది మేడం."

ఆమె కొంగు విప్పి మొహం తుడుచుకుంది. దఫ్ చంకన పెట్టుకుంది. అవ్వ పక్కగా నడుస్తూ, "రెండు ఓళిగలు కట్టించి పంపవ్వా, చేతులు లాగుతున్నాయి," అని వెళ్ళిపోయింది.

ఓబులేసు బస్సెక్కలేదు. సందేళకు అంగడికి పోయాడు. గిరాకీ వేళ. పెళ్ళివాళ్ళు కూడా మళ్ళీ వచ్చి కొంచెం ఎడంగా నిలబడి ఉన్నారు, ఈ అవ్వ సంగతేమిటో తేల్చుకుందామని. అవ్వ అట్లకాడ పట్టుకుని అతని నోటి వంక చూసింది. వీధంతా అతని నోటి వంకే చూసింది. ఆ నోట్లో ఏం కదిలిందో నాకు తెలుసు, పెదవుల దాకా వచ్చింది కూడా.

మింగాడు.

"రెండు ఓళిగలవ్వా. నెయ్యి ఎక్కువెయ్యి."

అవ్వ వేసింది. అతను అక్కడే నిలబడి తిన్నాడు. వేళ్ళు నాకాడు. ఈసారి రుచి తెలిసింది. అంత మైమరచి తినేవాణ్ణి చూసి పెళ్ళివాళ్ళు దగ్గరికి జరిగి, తమకూ రుచికి తలా ఒకటి ఇమ్మన్నారు. ఆ పెళ్ళిలో ఓళిగలు తిన్నవాళ్ళు ఇప్పటికీ మళ్ళీ ఆకలి కాలేదంటున్నారు.

మర్నాడు లాబుకు పోయేసరికి దఫ్ మేకుకు వేలాడుతోంది. జమీలా బేగం మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

ఓబులేసు బల్ల పక్కన నిలబడ్డాడు. ముందు రోజు అవ్వకు చెప్పబోయి మింగిన మాట ఒకటి, గురువుకు చెప్పాలనుకున్న మాట ఇంకొకటి, గొంతులో రెండూ ఉన్నాయి. ఎదురుగా గాజు సీసాలో అతను తీసి శుభ్రం చేసిన కత్తెర, మంచులో, నీళ్ళంత తేటగా ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. మొన్న దొంగది అన్నాడు దాన్ని. తలుపు తెరిచాక కూడా దఫ్ ఆగకపోతే ఎట్లా ఉంటుందో ఇప్పుడతనికి తెలుసు.

"ఇంకేమన్నా అడగాలా?" అందామె.

"లేదు మేడం."

"అయితే మంచుపెట్టె తీసుకో. పక్క వీధి మిగిలింది."

అదీ సంగతి. పళ్ళు చూడు, ఒక్కటి కూడా కదల్లేదు.

ఇంక లే. పొద్దుట్నుంచి ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు, సొట్ట ఏమన్నా పూడిందా? తీసుకుపోయి నరసమ్మత్త చేతికియ్యి. నువ్వే కిందపడేశావని చెప్పు. ఒక్కసారే చెప్పు, గట్టిగా, ఆమెకు చెవుడు. ఆమె గిన్నె లోపల పెట్టేసి నీతో ఇంకేదైనా మాట్లాడిందనుకో, నువ్వూ అదే మాట్లాడు. వస్తూ వస్తూ వాళ్ళ పెరట్లో కరివేపాకు నాలుగు రెబ్బలు తుంచుకురా. పులుసులోకి లేదు.